ఫోటో ఎడిటర్‌లో త్రీడీ ట్యాబ్ దేనికబ్బా? ఆర్నెల్లు వాడినోడి రివ్యూ

మాది ఒంగోలు. పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తా, ఫ్లెక్సీలు చేస్తా, షాపు బోర్డులకి డిజైన్ ఇస్తా, చీమకుర్తి నుంచి గ్రానైట్ వాళ్ళు బ్రోషర్ అడిగితే అదీ చేస్తా, అంటే ఫోటో ఎడిటింగే నా కూడు. ముందే ఎందుకు చెప్తున్నానంటే ఈ రివ్యూ సరదాకి రీల్స్ చేసుకునేవాళ్ళకి పెద్దగా పనికిరాదు, రోజుకి నలభై యాభై ఫోటోలు కటింగ్ చేసి రాత్రికల్లా ల్యాబ్‌కి పంపాల్సినోళ్ళకి పనికొస్తది. సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను. చందా ఇంకా ఆర్నెల్లుంది, గొడవెందుకు. ఫోటో ఎడిటరూ త్రీడీ స్టూడియో రెండూ ఒకటే అని అమ్ముతున్నారు, ఈ లైన్లో ఉన్నోళ్ళకి ఈపాటికి అర్థమైపోయుంటది ఏదో.

కొన్నది డెమో వీడియో చూసి. అందులో ఒకాయన ఫోటో మీద ఒక నొక్కు నొక్కాడు, వెనకున్నదంతా మసకైపోయింది. ఇంకో నొక్కు నొక్కాడు, అక్షరాలు ఇటుకల్లాగా లేచి నిలబడ్డాయి. మూడో నొక్కుకి కాఫీ కప్పు గిరగిరా తిరిగింది. ఒంగోల్లో నాకు కాఫీ కప్పుతో ఏం పనో అప్పుడు తట్టలేదు, ఏడాదికి ఒకేసారి కట్టేశా.

మార్కులు అడిగేవాళ్ళకి ముందే వేసేస్తా. డెప్త్ బ్లర్‌కి, అంటే ఏది దగ్గర ఏది దూరం అని చూసి వెనకున్నదాన్ని మసక చేసేదానికి, 5కి 3. త్రీడీ ట్యాబ్‌కి 5కి 1, ఆ ఒకటి కూడా ఓపెన్ అయినందుకు.

డెప్త్ సంగతి ముందు. కందుకూరు పెళ్ళి ఒకటి వచ్చింది. ఫోటోలు తీసింది వేరే స్టూడియో, ఆల్బమ్ నాది. ఆ ఫోటోగ్రాఫర్ కుర్రోడు మండపంలో ఫ్లాష్ పెట్టి అన్నీ ఎఫ్ 8లో, అంటే లెన్స్ కన్ను చిన్నది చేసి కొట్టాడు, దాంతో పెళ్ళికూతురు ఎంత షార్ప్‌గా ఉందో వెనకాల కుర్చీలు, ఫ్యాన్లు, క్యాటరింగ్ వాళ్ళ స్టీలు డ్రమ్ములు కూడా అంతే షార్ప్‌గా ఉన్నాయి. పెళ్ళివాళ్ళేమో వెనకాల బ్లర్ కావాలన్నారు, సినిమాల్లో ఉన్నట్టు. నేను కొత్త సాఫ్ట్‌వేర్ ఉందిగదా అని అరవై ఫోటోలు వరసగా వేసేసి టీకి పోయా. వచ్చేసరికి అయిపోయినయ్. స్క్రీన్ మీద చిన్నగా చూస్తే అద్దిరిపోయింది. పెద్దది చేసి చూడలేదు, అది నా తప్పే, ఒప్పుకుంటా.

షీట్లు ప్రింటయి ఆల్బమ్ బైండింగ్ అయి వాళ్ళింటికి పోయిన రెండో రోజు పెళ్ళికూతురు వాళ్ళమ్మ షాపుకొచ్చింది. ఏం మాట్లాడకుండా ఆల్బమ్ కౌంటర్ మీద పెట్టి, పన్నెండో పేజీ తీసి, వేలు పెట్టి చూపించింది. "ఏం నాయనా, మా పిల్ల మోచేతి సందులో మా చిన్నన్న బూరె తింటన్నాడే" అంది. నిజమే. ఆ అమ్మాయి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది, చుట్టూ అంతా దూదిలాగా మెత్తగా మసకైపోయింది, ఆ మోచేతికీ నడుముకీ మధ్య మూడు మూలల సందుంది చూడండి, అందులో మాత్రం ఒక పెద్దాయన క్లియర్‌గా, నోరు తెరిచి, చేతిలో పూర్ణం బూరె, బూరె మీంచి కారే నెయ్యితో సహా కనపడుతున్నాడు. మొత్తం ఫోటోలో పెళ్ళికూతురు తర్వాత అంత షార్ప్‌గా ఉన్నది ఆయనొక్కడే.

ఇది ఎందుకు జరుగుద్దో తర్వాత తెలుసుకున్నా. ఒక్క ఫోటో చూసి ఏది ముందుంది ఏది వెనకుంది అని అంచనా కట్టే ఈ ఏఐ ఫోటోని అసలు సైజులో చూడదు, చిన్నగా కుదించి చూసుకుని, లెక్కేసి, ఆ లెక్కని మళ్ళీ సాగదీసి ఫోటో మీద పరుస్తది. 2019లో వచ్చిన మైడాస్ అని ఒకటుంది, ఈ రకం వాటిల్లో బాగా పేరున్నది, అది 384 పిక్సెళ్ళకి కుదించి చూసేది. మన ఫోటో 6000 పిక్సెళ్ళు. అంత చిన్నదాంట్లో మోచేతి సందు ఎంతుంటది, నాలుగు చుక్కలు. చేతికీ ఒంటికీ కలిపి ఒకటే ముద్ద అనుకుంటది. జడలో మల్లెపూల దండ అంచు, జుంకాలకీ చెంపకీ మధ్య సందు, పెళ్ళికొడుకు తలపాగా మీద లేచిన కుచ్చు, పీట పక్కన అరటి పిలకల ఆకులు, ఇయ్యన్నీ దానికి గండాలే. మనిషి ఒంటిగా చేతులు కట్టుకుని నిలబడితే మాత్రం బ్రహ్మాండంగా చేస్తది. తెలుగు పెళ్ళిలో అట్టా ఎవడు నిలబడతాడు.

ఇంతవరకు దాన్ని తిట్టను. తప్పులు చేస్తే చేసింది, దిద్దుకునే దారుంటే చాలు. నా కోపం అక్కడ. డెప్త్ మ్యాప్ అంటే ఏదో బ్రహ్మ పదార్థం కాదండీ, అదొక బ్లాక్ అండ్ వైట్ ఫోటో. దగ్గరున్నది తెల్లగా, దూరమున్నది నల్లగా (కొన్నిట్లో తిరగేసుంటది), మధ్యలోవి బూడిద రంగులో. అంతే. ఆ ఫోటో నా చేతికిస్తే బ్రష్ తీసుకుని ఆ మోచేతి సందులో నల్లరంగు ఒక్క చుక్క పెడతా, చిన్నన్న బూరెతో సహా మసకలోకి పోతాడు, పది సెకన్ల పని. ఈ సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఆ ఫోటోని లోపల దాచేసి బయట స్లైడర్ ఒకటి పెట్టారు. ఎక్కువ బ్లర్, తక్కువ బ్లర్. ఎక్కువ చేసినా చిన్నన్న అట్టానే ఉన్నాడు, తక్కువ చేసినా అట్టానే ఉన్నాడు. చివరికి పెన్ టూల్ తీసుకుని పాత పద్ధతిలోనే కటింగ్ చేసి, ఆ షీటు మళ్ళీ ప్రింటు కొట్టించి, బైండింగ్ విప్పించి పెట్టించా, డబ్బులు నావి.

తమాషా ఏందంటే ఇది కొత్త విద్యేం కాదు. ఫోటోషాప్‌లో లెన్స్ బ్లర్ 2003లో సీఎస్ వెర్షన్ వచ్చినప్పటి నుంచే ఉంది, అందులో ఆల్ఫా చానల్‌లో (ఫోటోతో పాటు దాచుకునే బూడిద రంగు పొర) మనం బూడిద రంగులో ఒక గ్రేడియంట్ వేసిస్తే దాన్నే డెప్త్ మ్యాప్‌గా తీసుకుని ఎక్కడెంత బ్లర్ చెయ్యాలో చూసుకుంటది. అప్పుడు మ్యాప్ మనమే చేత్తో గీసుకోవాలి. తర్వాత ఫోన్లు గీయడం మొదలుపెట్టాయి. 2016లో ఐఫోన్ 7 ప్లస్ వెనకాల రెండు కెమెరాలు పెట్టారు, ఒక కన్ను మూసి ముక్కు ముందు వేలు పెట్టి చూసి మళ్ళీ రెండో కంటితో చూస్తే వేలు జరిగినట్టు కనపడుద్ది చూడండి, అదే లెక్క, ఎంత ఎక్కువ జరిగితే అంత దగ్గరున్నట్టు. 2017లో గూగుల్ పిక్సెల్ 2 వాళ్ళు ఒక్క కెమెరాతోనే, సెన్సర్‌లో ప్రతి పిక్సెల్‌నీ రెండు ముక్కలు చేసి, ఆ రెండు ముక్కలు చూసేదానిలో వెంట్రుకవాసి తేడాని పట్టుకుని చేశారు. 2018 అక్టోబర్లో లైట్‌రూమ్ క్లాసిక్ అనే ఫోటో సాఫ్ట్‌వేర్ ఐఫోన్ ఫైల్లో దాగున్న ఆ మ్యాప్‌ని చదివి, ఇంత దూరం నుంచి ఇంత దూరం వరకు మాత్రమే వెలుతురు పెంచు అని చెప్పుకునేట్టు మాస్క్ ఇచ్చింది. ఇందాక చెప్పిన మైడాస్ అయితే ఒక్క మామూలు ఫోటో ఉంటే చాలు, దానికి చదువు చెప్పడానికి వాడిన వాటిల్లో త్రీడీ సినిమాలు కూడా ఉన్నాయి, ఎడమ కంటికి ఒక బొమ్మ కుడి కంటికి ఒక బొమ్మ రెడీగా ఉంటాయిగదా. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తలనొప్పి తెచ్చుకున్న సినిమాలు ఎవరికో ఒకరికి పనికొచ్చాయి. కాకపోతే అది మీటర్లలో లెక్క చెప్పదు, ఇది ముందు అది వెనక అనే చెప్పుద్ది. మన పనికి అది చాలు.

అందుకే నేను అంటాను, డెప్త్ ఫోటో ఎడిటర్‌లో ఉండాలి, ఉండి తీరాలి, ఎందుకంటే అదీ ఫోటోనే. ఫోటోని దిద్దడానికే గదా ఎడిటర్ ఉంది.

పైగా అందరూ బ్లర్ బ్లర్ అంటారు గానీ డెప్త్ మ్యాప్ అసలు సత్తా బ్లర్‌లో లేదు. నెల్లూరు పార్టీ ఒకళ్ళు ప్రీ వెడ్డింగ్ షూట్ ఫోటోలు పంపారు, పెన్న ఒడ్డున, వెనకాల దూరంగా రంగనాయకుల గుడి గాలిగోపురం. తీసింది మిట్ట మధ్యాహ్నం. నెల్లూరు ఎండ సంగతి తెలుసుగదా, ఇసక తెల్లగా పేలిపోయింది, గోపురం కూడా పక్కనే ఉన్నంత గట్టిగా కనపడుతోంది. "అన్నా, పొద్దున్నే మంచులో తీసినట్టు రావాలన్నా" అన్నాడు ఆ అబ్బాయి. నెల్లూర్లో, మే నెలలో. సరే అని ఏం చేశానంటే, ఈ డబ్బు కట్టిన సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టి జింప్ అనే ఫోటో ఎడిటర్ తీశా. ఫ్రీది. డెప్త్ మ్యాప్ వేరే తీసుకున్నా, 2024లో వచ్చిన డెప్త్ ఎనీథింగ్ అని ఒక మోడల్ ఉంది, దాన్ని మన సిస్టంలోనే వేసుకుని నడుపుకోవచ్చు. ఫోటో మీద కొంచెం నీలం కలిసిన తెలుపు లేయర్ ఒకటి పరిచి, దానికి లేయర్ మాస్క్‌గా ఆ డెప్త్ ఫోటోని తిరగేసి పెట్టా, అంటే దూరమున్న చోట తెలుపు ఎక్కువ కనపడుద్ది, జంట నిలబడిన చోట అసలు కనపడదు. లేయర్ ఒపాసిటీ 40కి తగ్గించా. మాస్క్ మీద కర్వ్స్ (నలుపు తెలుపుల పాళ్ళు మార్చేది) పెట్టి ఏటి నీళ్ళ దగ్గర కొంచెం, గోపురం దగ్గర బాగా ఉండేట్టు లాగా. గోపురం పై అంతస్తులు మంచులో కరిగిపోయినట్టు వచ్చింది, ఆ అబ్బాయి ఫోన్లో చూసి "నిజంగా పొద్దున ఆరింటికి పోయి తీసినట్టుందన్నా" అన్నాడు. వాడు పొద్దున ఆరింటికి లేచే రకం కాదు, అది వేరే విషయం.

ఇందులో ఏ త్రీడీ ట్యాబూ లేదు. లేయరూ, మాస్కూ, కర్వ్సూ, అంతా పాత సరుకే. లోపలికొచ్చిన కొత్తది ఆ బూడిద రంగు ఫోటో ఒక్కటే.

ఇంకొకటి, బ్లర్ చేసేవాళ్ళకి చిన్న మాట. మ్యాప్ ఎంత కరెక్ట్‌గా ఉన్నా మనిషి చుట్టూ ఒక వెలుగు గీత, చీర రంగు బయటకి కారినట్టు ఒక అంచు వస్తది, కారణం వెనకున్నదాన్ని బ్లర్ చేసేటప్పుడు పక్కనే ఉన్న చీర రంగు కూడా అందులో కలిసిపోద్ది. మనిషిని వేరే లేయర్‌కి తీసి, కింద లేయర్లో మనిషి ఉన్న చోటు వెనక గోడతో పూడ్చేసి, దాన్ని బ్లర్ చేసి, మనిషిని మళ్ళీ పైన పెట్టాలి. మంచి సాఫ్ట్‌వేర్ అయితే ఈ పని లోపల అదే చేసుకోవాలి. నేను కొన్నది చేసుకోదు, ఎర్ర పట్టుచీర పెళ్ళికూతుళ్ళందరికీ చుట్టూ గులాబీ రంగు పొగ.

ఇప్పుడు గ్రానైట్ కథ, త్రీడీ ట్యాబ్ పరువు తీసింది ఇదే. చీమకుర్తి గురించి తెలియనోళ్ళకి, ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డులో పోతే వస్తది, బ్లాక్ గెలాక్సీ దొరికేది అక్కడ. నల్ల రాయి, లోపల బంగారం పొడి చల్లినట్టు చుక్కలు, బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వచ్చే మెరుపు అది. అక్కడ ఒక పాలిషింగ్ యూనిట్ ఆయన వచ్చి, మా రాయి వంటింటి గట్టు మీద వేస్తే ఎట్టా ఉంటదో బ్రోషర్‌లో చూపించాలి అన్నాడు. పలక ఫోటోలు ఆయనే ఇచ్చాడు, ఒక మంచి వంటింటి ఫోటో కూడా ఇచ్చాడు, ఆయన కొత్తింటిదే.

ముందు ఆ వంటింటి ఫోటోకే డెప్త్ కొట్టి చూశా, వెనకున్న అరలు కొంచెం మసక చేద్దామని. గట్టు మధ్యలో బొక్క పడింది. నిజంగానే, గట్టు మీద గిన్నె పెట్టిన చోటుకి పక్కన బావిలాగా మసక. ఏందబ్బా అని చూస్తే, నున్నగా పాలిష్ కొట్టిన నల్ల రాయి అద్దంతో సమానం, ఎదురు కిటికీ దాంట్లో కనపడుతోంది, సాఫ్ట్‌వేర్ ఆ కిటికీ ప్రతిబింబాన్ని చూసి అక్కడ దూరంగా ఇంకో గదుంది అనుకుంది. అద్దం, నీళ్ళు, గాజు, ఇయ్యి ఎక్కడున్నా ఒక కన్నేసి ఉంచుకోండి. రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకునేవాళ్ళ ఫోటో ఒకటి చేశా, నీళ్ళల్లో మనుషుల నీడల దగ్గర కూడా ఇట్టాగే తడబడింది. గాల్లో తేలతన్నట్టు వచ్చారు పాపం.

సరే గట్టుని త్రీడీలోనే కొత్తగా చేద్దామని ఆ ట్యాబ్ తీశా. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, గ్రాఫిక్స్ కార్డు లేదు. ట్యాబ్ నొక్కిన దగ్గర్నుంచి ఫ్యాన్ పిండిమర లాగా మొదలైంది. డబ్బా పెట్టమంటే పెట్టింది, పలక ఫోటో దాని మీద వెయ్యమంటే వేసింది, కానీ మొత్తం ఫోటోని ఆ డబ్బా ప్రతి ముఖానికీ సరిపోయేట్టు సాగదీసింది. ఎంత రిపీట్ చెయ్యాలి, ఏ సైజులో వెయ్యాలి అని చెప్పడానికి ఎక్కడా దారి లేదు. గుండ్రటి అంచు పెట్టడానికి లేదు. దీపం ఒక్కటే, పైన. గంటన్నర కుస్తీ పట్టి ఒకటి తీసి ఆయనకి వాట్సాప్ చేశా. ఆయన ఫోన్ చేసి, "అబ్బాయ్, నా రాయిలో చుక్కలు ఆవగింజంత ఉంటయ్. నువ్వు రూపాయి బిళ్ళలు అంటించావు. ఇది చూసి ఎవడన్నా కొంటాడా?" అన్నాడు. పక్కనుంచి ఎవరో నవ్వుతున్నారు కూడా.

ఆ రాత్రి బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ దించుకున్నా. ఇదీ ఫ్రీయే. 2002లో దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడితే, జనం దగ్గర లక్ష యూరోలు చందా పోగేసి కోడ్ కొని అందరికీ వదిలేశారు, మన ఊళ్ళో గుడికి చందాలేసుకున్నట్టు. నేర్చుకోవడం కష్టమే, అబద్ధం చెప్పను, మొదటి మూడు రోజులు మౌస్ ఎటు తిప్పినా గట్టు కనపడకుండా పోయేది, ఒకసారి గట్టు లోపలికే దూరిపోయా. కానీ అక్కడ పలక మందం 20 మిల్లీమీటర్లు అని కొలత ఇచ్చి కట్టుకోవచ్చు, చుక్కల సైజు అంకెల్లో చెప్పొచ్చు, అంచు గుండ్రం చెయ్యొచ్చు, కిటికీ ఎటుందో అటు వెలుతురు పెట్టొచ్చు, ఆ కిటికీ రాయిలో ఎట్టా మెరవాలో అదే లెక్కేసుకుంటది. అన్నిటికన్నా నాకు నచ్చింది మిస్ట్ పాస్ అని ఒకటి. రెండర్ చేసేటప్పుడు, అంటే కట్టినదాన్ని ఫోటోగా తీసేటప్పుడు, ఆ టిక్కు పెడితే బొమ్మతో పాటు దాని డెప్త్ కూడా బూడిద రంగు ఫోటోగా విడిగా ఇస్తది. అది ఊహించింది కాదు, కట్టిన గట్టుని కొలిచి చెప్పింది, బొక్కలుండవు, బావులుండవు. ఆ రెండు ఫోటోలూ జింప్‌లోకి తెచ్చి, వెనక అరల్ని మసక చేసి, గిన్నె ఒకటి అసలు ఫోటోలోంచి కోసి పెట్టి, రంగు సరిచేసి పంపా. ఆయన మారు మాట్లాడకుండా డబ్బులు వేశాడు, చీమకుర్తిలో అంతకన్నా పొగడ్త ఉండదు.

ఇక్కడే నాకు విషయం తెగింది. త్రీడీ అంటే వేరే వృత్తి. కట్టడం, రాయి పరచడం, దీపాలు పెట్టడం, కెమెరా నిలబెట్టడం, ఇదంతా ఒక చిన్న ట్యాబ్‌లో పట్టదు, పట్టించాలని చూస్తే అటు త్రీడీ సరిగా రాదు, ఇటు ఫోటో ఎడిటర్ బరువెక్కి మామూలు క్రాప్ చెయ్యడానికి కూడా ఆయాసపడుద్ది. దీనికి పెద్ద సాక్ష్యం ఫోటోషాపే. 2007లో సీఎస్3 ఎక్స్‌టెండెడ్ అని ఎక్కువ రేటు పెట్టి త్రీడీ తెచ్చారు, 2010లో సీఎస్5లో అక్షరాల్ని ఉబ్బించే రెపూసే వచ్చింది, సీఎస్6లో దాన్ని ఇంకా సులువు చేశారు, ఏళ్ళ తరబడి మోశారు. మోసీ మోసీ 2021 ఆగస్టులో ఇక తీసేస్తున్నామని చెప్పేశారు, పాత గ్రాఫిక్స్ పద్ధతి మీద కట్టింది కొత్త సిస్టంల మీద నిలబడట్లేదు అని. త్రీడీ కావాల్సినోళ్ళని సబ్‌స్టెన్స్ అనే వాళ్ళ త్రీడీ సాఫ్ట్‌వేర్ల వైపు పొమ్మన్నారు, దాన్ని చేసిన అలెగోరిథమిక్‌ని 2019లోనే కొని పెట్టుకున్నారుగదా. అంత పెద్ద కంపెనీయే ఒక ఇంట్లో రెండు కాపురాలు కుదరవని వేరు పెట్టేసింది, ఈ చిన్నోళ్ళు మళ్ళీ అదే పొయ్యి మీద రెండు గిన్నెలు ఎక్కించారు.

అయితే ఒక్క విషయంలో మాత్రం నాకు ఇప్పటికీ బాధే. అక్షరాలు. ఫ్లెక్సీ లైన్లో ఉన్నోడికి త్రీడీ అంటే అక్షరాలే, కప్పులు కాదు, బొమ్మలు కాదు. షాపు బోర్డుకి ఏసీపీ షీటు (అల్యూమినియం అతికిన బోర్డు పలక) మీద ఎల్‌ఈడీ అక్షరాలు పెడతారు, అవి ఎంత మందం ఉంటాయి, పక్కనుంచి చూస్తే ఎట్టా ఉంటాయి, రాత్రి వెనకాల వెలుతురు ఎట్టా పడుద్ది అని షాపాయనకి చూపించాలి. సీఎస్6లో ఆ పని చేసేసేవాణ్ణి, రాసిన అక్షరాన్ని నొక్కి లాగితే మందం వచ్చేది. మా లైన్లో సీఎస్6 సిస్టంని విడిగా మూలన దాచిపెట్టుకున్నోళ్ళు ఇంకా ఉన్నారు, ఒక్క అక్షరాల కోసం. అక్షరానికి మందం పెట్టేంత చిన్న త్రీడీ ఉంటే తప్పులేదంటాను. గీతల బొమ్మలు గీసే ఇల్లస్ట్రేటర్ వాళ్ళు 2021 అక్టోబర్ వెర్షన్లో అక్షరాలకి మందం, మెరుపు పెట్టే త్రీడీ ప్యానెల్ కొత్తగా ఇచ్చారు, అక్షరాలు గీసే చోట అది ఉండటం న్యాయమే.

నేను కొన్నదాంట్లో కూడా అక్షరాల త్రీడీ ఉంది. ఇంగ్లీషుకి బానే వస్తది. తెలుగు రాస్తే చూడాలి దాని పాట్లు. "శ్రీ లక్ష్మీ" అని కొడితే క్రావడి వేరే ముక్కై కిందకి జారింది, క్ష కింద మ ఒత్తు పైదానికి ఎక్కడ తగిలిందో సరిగ్గా అక్కడ కన్నం పడింది. డీటీపీ వాళ్ళు వాడే పాత అనూ ఫాంట్లతో కొట్టినా అంతే, అక్కడ ఒత్తులు విడి ముక్కలుగా ఒకదాని మీద ఒకటి ఎక్కుంటాయి, త్రీడీ చేసేవాడు రెండు గీతలు ఒకదాన్నొకటి కోస్తే లోపలిది ఖాళీ అనుకుంటాడు. పెద్దమ్మవారి గుడి ఫ్లెక్సీకి అమ్మవారి పేరులో కన్నం పెట్టి ఇస్తే ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా.

మందు నేను కనుక్కున్నా, రాసి పెడతా ఎవరికన్నా పనికొస్తది. ఇంక్‌స్కేప్ అనే గీతల సాఫ్ట్‌వేర్‌లో తెలుగు కొట్టండి, ఫ్రీదే, ఒత్తులు సరిగా కూర్చుంటాయి. దాన్ని పాత్‌గా (అక్షరం కాకుండా గీతగా) మార్చి, అన్ని ముక్కలూ సెలెక్ట్ చేసి యూనియన్ కొట్టండి, ఒత్తూ అక్షరమూ కలిసి ఒకే గీత అవుద్ది. ఎస్‌వీజీ, అంటే గీతల ఫైలుగా సేవ్ చేసి బ్లెండర్‌లోకి తెచ్చి మందం ఇవ్వండి. కన్నాలు పోతాయి. నేరుగా బ్లెండర్‌లో తెలుగు కొట్టాలని మాత్రం చూడకండి, గుణింతాలు విడిపోయి ఎక్కడివక్కడ పడతాయి.

నెల్లూరు ట్రంకు రోడ్డులో నాకు తెలిసిన డిజైనర్ తమ్ముడొకడు దీనికి ఒప్పుకోడు. "మూడు సాఫ్ట్‌వేర్లు తెరిచి మూసేసరికి నాకు పుణ్యకాలం గడిచిపోద్దన్నా, అన్నీ ఒక్కచోట ఉంటే ఏం పోయింది, వాడనోడు ఆ ట్యాబ్ నొక్కొద్దు" అంటాడు. వాడి మాటలో న్యాయం ఉంది, వాడి దగ్గర 32 జీబీ ర్యామ్, పెద్ద గ్రాఫిక్స్ కార్డు కూడా ఉన్నాయి. కానీ వాడనోడు కూడా దానికి డబ్బు కడుతున్నాడు, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ జీబీలు వాడనోడి నెట్‌లోంచీ దిగుతున్నాయి, పైగా కంపెనీలో ఉన్న నలుగురు ప్రోగ్రామర్లు కాఫీ కప్పు తిప్పడం మీద కూర్చుంటే నా మోచేతి సందు ఎవడు చూస్తాడు. ఈ ఆర్నెల్లలో మూడు అప్‌డేట్లు వచ్చాయి, మూడూ త్రీడీకే. కప్పుకి ఇప్పుడు సాసర్ కూడా వచ్చింది.

కోణం మార్చడం మటుకు చాలనుకునేవాళ్ళకి జింప్‌లో 3డీ ట్రాన్స్‌ఫామ్ అని టూల్ ఉంది, 2020లో 2.10.18తో వచ్చింది. పేరు త్రీడీయే గానీ అది చేసేది చదునైన బొమ్మని మూడు వైపులా వంచి చూపించడం. ఆల్బమ్ కవర్ టేబుల్ మీద పెట్టినట్టు, బోర్డు గోడకి తగిలించినట్టు చూపించడానికి దివ్యంగా సరిపోద్ది, ఫ్యాన్ అరవదు. నాకొచ్చే పనిలో ముప్పాతిక వంతు త్రీడీ దీంతోనే తీరిపోద్ది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళకి మెయిల్ పెట్టా, రెండుసార్లు. అడిగింది పెద్దదేం కాదు. డెప్త్ మ్యాప్‌ని లేయర్ లాగా బయట చూపించండి, బ్రష్‌తో దిద్దుకోనివ్వండి. బయట నుంచి తెచ్చిన బూడిద రంగు ఫోటోని కూడా డెప్త్‌గా తీసుకోండి, ఫోన్ ఫైల్లో వచ్చిన మ్యాప్‌ని ఓపెన్ చేసేటప్పుడు పారెయ్యకండి. మ్యాప్‌ని 16 బిట్‌లో ఉంచండి, 8 బిట్ అంటే 256 మెట్లే, పొడుగాటి మండపం హాల్లో బ్లర్ మెట్లు మెట్లుగా కనపడుతోంది. మొదటి మెయిల్‌కి జవాబు రాలేదు. రెండోదానికి, మీ సూచనకి ధన్యవాదాలు, మా కొత్త త్రీడీ ఆబ్జెక్ట్ లైబ్రరీ చూశారా అని వచ్చింది.

చందా అయ్యాక మళ్ళీ కట్టను. ఒంటరిగా నిలబడ్డ మనుషుల పాస్‌పోర్టు, ప్రొఫైల్ ఫోటోలు ఎక్కువ చేసే స్టూడియో వాళ్ళయితే డెప్త్ బ్లర్ కోసం నెల చందా ఒకసారి కట్టి చూడండి, ఏడాదిది వద్దు. పెళ్ళి ఆల్బమ్ వాళ్ళు ప్రింటుకి పంపే ముందు ప్రతి ఫోటోనీ నూరు శాతం సైజులో పెట్టి మోచేతుల దగ్గర, జడల దగ్గర చూసుకోండి. యూనియన్ కొట్టిన తెలుగు అక్షరాల ఎస్‌వీజీలు, ఊరి పేర్లవీ అమ్మవార్ల పేర్లవీ, నా దగ్గర ఓ రెండొందల దాకా పోగయ్యాయి, ఒంగోల్లో మన లైన్ వాళ్ళెవరికన్నా కావాలంటే షాపుకి పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, సాయంత్రం ఆరు దాటాక రండి, పగలు రెండర్ పెట్టుంటా, సిస్టం ముట్టుకోనివ్వను.